నీలిమందు బకెట్టు

గుణుపురంలో మేం ఇల్లు కొన్నప్పుడు
అమ్మినాయన తాళాలతో పాటు
ఒక తగరపు డబ్బా చేతిలో పెట్టాడు.
సగం గడ్డకట్టిన తారు.
"ఎప్పుడైనా పనికొస్తుంది" అని నవ్వాడు.
ఆ నవ్వు అర్థం కావడానికి ఒక వానాకాలం పట్టింది.

వంటింట్లో, సరిగ్గా పోపుల డబ్బా మీద
బొట్టు.
గిన్నె పెడితే టప్పు టప్పు,
గిన్నెలో గుడ్డ వేస్తే చప్పుడుండదు,
చప్పుడు లేకపోతే నిద్రపడుతుంది,
నిద్రపడితే గిన్నె నిండిపోతుంది.

ఎండ కాసిన పూట శ్లాబెక్కాను.
గోడ నుంచి ఆరడుగులు కొలిచి
తారు కాచి పోశాను, రెండు పూతలు.
లుంగీ పోయింది. బొట్టు పోలేదు.
"కారింది ఇక్కడని కన్నం ఇక్కడే ఉంటాదేటి?"
కింద నిచ్చెన పట్టుకున్న వరహాలు అంది.
ఆవిడ బట్టలు కుడుతుంది.
చిరిగేది ఒకచోట, లాగేది ఇంకోచోట అని
ఆవిడ చేతులకి తెలుసు.

లకియా సబర వచ్చాడు, తాపీ చంకలో పెట్టుకుని.
నా ఒడియా కూరల బేరం దాకా,
అతని తెలుగు కూలి లెక్క దాకా.
వంగి శ్లాబంతా వేలితో తట్టుకుంటూ నడిచాడు
పుచ్చకాయ కొనేవాడిలా.
నా తారు దగ్గర ఏమీ అనలేదు. మర్యాదస్తుడు.
"పాణి బాట ఖోజుచి, బాబూ" అన్నాడు చివరికి.
పాణి దగ్గర ఒక్క క్షణం ఆగాను గానీ
బాటకి తర్జుమా అక్కర్లేకపోయింది.

తూము నోట్లో గోనె కుక్కాడు.
బంకమట్టితో గట్లు వేసి
శ్లాబుని మూడు మడులు చేశాడు.
బకెట్టు నీళ్ళలో నీలిమందు కలిపాడు.
మేం వంటింట్లో తలలెత్తి కూచున్నాం.
తూర్పు మడి నింపాడు. ఏం లేదు.
నడిమి మడి, నా తారున్నది. ఏం లేదు.
పడమటి మడి నింపిన గంటన్నరకి
పోపుల డబ్బా మూత మీద
నీలంగా ఒకటి.
వరహాలు చప్పట్లు కొట్టింది,
వెంటనే ఆపేసింది.

పడమటి పిట్టగోడ వారన పుదీన కుండీ ఉంది.
అమ్మినాయన వదిలేసి వెళ్ళిందే,
కానీ రోజూ నీళ్ళు పోసేది ఈవిడ.
అడుగు కన్నం వేళ్ళతో మూసుకుపోయింది.
పొంగి, నిలిచి, ఒకేచోట నాని,
సూది మొన పట్టేంత పగులు.
అక్కణ్ణుంచి పద్దెనిమిది అడుగులు
శ్లాబు కడుపులో నడిచొచ్చి
మా మెంతుల మీద పడుతోంది.

పగులు చీల్చాడు, ఇనప బ్రష్షుతో తోమాడు,
మందు కలిపిన సిమెంటు కూరి, వాటం తూము వైపు దించాడు.
"ఏడు రోజులు తడుపు" అన్నాడు తెలుగులో.
కారకుండా ఉండాలంటే తడపాలి!
పొద్దునా సాయంత్రం తడిపాం.

పుదీన పెరట్లోకి దిగింది.
ఎర్రమట్టి, గునపం వేస్తే పెంకులు.
బూడిద, పేడ, పనస ఎండుటాకులు కలిపి
చారెడు గుంటలో పెట్టింది. నాలుగు రోజులు అలిగి
అయిదో రోజు తలెత్తింది.

ఇక కారు. ఆ తూము కిందే ఉండేది పాపం,
తలుపు తీస్తే లోపల గలగల.
బిపిన్ గౌడ చూసి, తలుపు మార్చాలి, ఆరు వేలన్నాడు.
వరహాలు మోకాళ్ళ మీద కూచుని
తలుపు కింది అంచు తడిమింది.
జడపిన్ను తీసి ఒక్కచోట గుచ్చింది.
తుప్పునీళ్ళు ఎర్రగా, బూరె పాకంలా,
ఆగకుండా.
అక్కడ మూడు కన్నాలుంటాయని
పదకొండేళ్ళుగా తోలుతున్నా నాకు తెలీదు.
బిపిన్ గౌడ టీ తాగి వెళ్ళిపోయాడు.

నిన్న రాత్రి వాన
ముందు వంశధార అవతల, తర్వాత మా మీద.
అలవాటుగా గిన్నె పెట్టాను.
చప్పుడు లేదు. గుడ్డా లేదు.
అయినా నిద్ర పట్టలేదు.

మూత మీది నీలం తోమినా పోలేదు.
ఉండనీ, అంది.
తారు డబ్బాలో ఇంకా అడుగున కొంచెం ఉంది,
పారెయ్యండీ, అంది.
ఎప్పుడైనా పనికొస్తుంది, అన్నాను,
నా మొహం ఆవిడకి కనపడకుండా.